గుమ్మం ముందుకొచ్చిన రెండో బిల్లు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు ముప్పై ఒకటి, ఇద్దరు పిల్లలు. భర్త ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. ఈమె ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తారు. పెళ్లి బ్లౌజుకు 4,500 రూపాయల దాకా తీసుకుంటారు.

మామూలు పూసలు రెండు ఉతుకులకే మెరుపు పోతున్నాయని ఒక పెళ్లికూతురి తల్లి నలుగురిలో అనేసరికి ఈమెకు పట్టుదల వచ్చింది. ఫోన్‌లో వెతికి, విదేశీ ఆన్‌లైన్ దుకాణం ఒకదాంట్లో జపాన్ గాజు పూసలు ఆర్డరు పెట్టారు. పూసలు 11,200, పంపే ఖర్చు 1,900, మొత్తం 13,100 రూపాయలు. భర్తకు చెప్పి, ఆయన క్రెడిట్ కార్డు మీదే కట్టారు. పదకొండో రోజున కొరియర్ కుర్రాడు డబ్బాతో వచ్చి, ఇంకో 6,644 రూపాయలు కడితేనే ఇస్తానన్నాడు. భర్త డ్యూటీలో ఉన్నారు. ఈమె చేతిలో పదహారు వందల పైచిలుకు ఉంది. అత్తగారు ట్రంకు పెట్టెలో దాచుకున్న పింఛను డబ్బు ఐదు వేలు తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టారు. పెట్టి, "దుడ్లు చెట్లకు కాస్తాండాయా? కొన్నోనికి ఒకతూరి ఇచ్చి, తెచ్చినోనికి ఇంగోతూరి ఇస్తారా యాడన్నా?" అన్నారట. ఆ మాట ఇప్పుడు వీధంతా తిరుగుతోంది.

డల్లాస్‌లో ఉన్న మరిది ఫోన్‌లో, "గిఫ్ట్ అని రాయించుకుంటే సరిపోయేది కదా వదినా" అని తేల్చేశాడు. భర్త పెద్దగా ఏమీ అనలేదు, కానీ ఆ రోజు నుంచి కార్డు తన జేబులోనే పెట్టుకుంటున్నారు. ఆయనకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అదే వారంలో, అదే దుకాణం నుంచి, మడిచి పెట్టుకునే లోహపు మగ్గం స్టాండు కూడా ఈమె తన డెబిట్ కార్డు మీద తెప్పించారు, 8,700 రూపాయలకు. అది దేశంలోకి వచ్చిందని, ఆధార్ పంపమని ఒక మెసేజ్. పార్సిల్ ఆగిపోయింది, 49 రూపాయలు కట్టకపోతే వెనక్కి పోతుందని లింకుతో ఇంకో మెసేజ్. "నన్ను మోసం చేశారా? డబ్బు వెనక్కి వస్తుందా? రెండోది తీసుకోవాలా, వదిలేయాలా? ఆయనకు చెప్పాలా?" అని అడుగుతున్నారు.

చెల్లెమ్మా, ఇంత వివరంగా రాశారు గానీ ఆ పూసలు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క రాయలేదు. డబ్బా ఇంకా విప్పలేదనుకుంటాను. గొడవ పడ్డ వస్తువును ముట్టుకోబుద్ధి కాదు, నిజమే. కానీ ఈ పూటే విప్పండి. బిల్లులో ఉన్నన్ని పొట్లాలు ఉన్నాయా, రంగులు సరిపోయాయా, పగిలినవి ఏమన్నా ఉన్నాయా చూసి ఫోటోలు తీయండి. తేడా ఉంటే దుకాణానికి చెప్పే గడువు చాలా చోట్ల రోజుల్లోనే ఉంటుంది.

ఇక మోసం సంగతి. డబ్బాతో పాటు వచ్చిన కాగితం జత చేశారు కాబట్టి చెప్పగలుగుతున్నాను. 6,644లో 5,759 ప్రభుత్వానికి పోయింది. మిగిలిన 885 కొరియర్ కంపెనీది. మీ తరఫున సుంకం ముందు వాళ్లు కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసినందుకు 750 ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ 135. ఆ కుర్రాడికి ఇందులో పైసా లేదు. అత్తగారు అన్న "తెచ్చినోడు" పాపం రోజు కూలీ మీద తిరిగే మనిషి. ఈ సంగతి ఆమెకు చెప్పండి. వీధిలో అన్న మాట వీధిలోనే దిద్దుకుంటారు.

5,759 ఎలా వచ్చిందో కూడా తెలుసుకోండి. రేపు ఇంకేం కొన్నా పనికొస్తుంది. కస్టమ్స్ వాళ్లు వస్తువు ధర ఒక్కటే చూడరు, రవాణా, బీమా కూడా కలుపుతారు. అంటే మీ 11,200 మీద కాదు, 13,100 మీద లెక్క. రవాణా ఖర్చు ఎంతో తేలని చోట వస్తువు ధరలో 20 శాతం రవాణా కింద వేసుకునే నిబంధన కూడా ఉంది. ఆ మొత్తం మీద మొదట బేసిక్ కస్టమ్స్ డ్యూటీ పడుతుంది. ఆ డ్యూటీలో పదో వంతు సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, ఇది 2018 నుంచి ఉంది. ధర, డ్యూటీ, సర్‌ఛార్జి మూడూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద వేసే జీఎస్టీ. పన్ను మీద పన్ను అన్నమాట. మీ కాగితంలో వేసినట్టే డ్యూటీ 20 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకోండి. నూరు రూపాయల సరుకుకు డ్యూటీ 20, సర్‌ఛార్జి 2, ఆపైన 122 మీద ఐజీఎస్టీ 21 రూపాయల 96 పైసలు. కలిపితే దాదాపు 44. ఇరవై, పద్దెనిమిది కలిపితే ముప్పై ఎనిమిదే కదా అనుకునేవాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. రేట్లు వస్తువును బట్టి, వచ్చిన దారిని బట్టి, ఒక్కోసారి బడ్జెట్‌ను బట్టి మారుతుంటాయి. లెక్క వేసే వరుస మాత్రం ఇదే.

దుకాణం వాళ్లు ముందే ఎందుకు చెప్పలేదన్నది మీ అసలు బాధ. న్యాయమైన బాధే. వాళ్ల షరతుల్లో, చాలా కిందకు వెళ్తే, "దిగుమతి సుంకాలు కొనుగోలుదారే భరించాలి" అన్న వాక్యం ఉంటుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో కూడా ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. సుంకం కూడా ముందే కలిపి వసూలు చేసే దుకాణాలు కొన్ని ఉన్నాయి. వ్యాపార భాషలో దాన్ని డీడీపీ అంటారు. అక్కడ ధర చూడగానే గుండె ఝల్లుమంటుంది గానీ, గుమ్మం దగ్గర రెండో బిల్లు రాదు. మీరు కొన్నది అలాంటి చోటు కాదు.

డబ్బు వెనక్కి వస్తుందా అన్న దానికి ఉన్న దారులన్నీ చెప్తాను, వాటి బరువుతో సహా. కస్టమ్స్ లెక్కలోనే తప్పుంటే, అంటే పొట్లాలు రెండుసార్లు లెక్కేసినా, ధర ఎక్కువ రాసినా, అడిగే హక్కు మీకుంది. కొరియర్ కంపెనీని బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే కస్టమ్స్‌కు ఇచ్చిన దిగుమతి పత్రం, నకలు అడగండి. ఈమెయిల్‌లోనే అడగండి, ఫోన్‌లో వద్దు. మదింపు మీద అప్పీలుకు 60 రోజుల గడువు, ఎక్కువ కట్టిన సుంకం వాపసు కోరడానికి ఏడాది. అయితే నేను చూసినంతలో మీ లెక్క సరిగ్గానే ఉంది. లేని తప్పు కోసం కడప చుట్టూ, చెన్నై చుట్టూ తిరగాల్సిన పని లేదు.

పూసలు నాసిరకంగా వచ్చి తిప్పి పంపితే? కట్టిన సుంకం వెనక్కి తీసుకునే వీలు కస్టమ్స్ చట్టంలో ఉంది. సరుకు చెప్పినట్టు లేకపోతే వాడకుండా, క్లియరెన్స్ అయిన 30 రోజుల్లోపు తిప్పి పంపి వాపసు కోరవచ్చు. కాగితం మీద బాగుంటుంది. నా అనుభవం వేరు. కొన్నేళ్ల కింద మోకాళ్ల నొప్పికి మంచివని ఎవరో చెబితే బయటి దేశం నుంచి ఒక జత బూట్లు తెప్పించాను. సైజు చాల్లేదు. తిప్పి పంపితే దుకాణం వాళ్లు ధర మర్యాదగా వాపసు ఇచ్చారు. సుంకం గురించి అడిగితే "అది మీ ప్రభుత్వం దగ్గర అడగండి" అన్నారు. ఎగుమతి కాగితాలు చేసిపెట్టడానికి ఏజెంటు అడిగిన ఫీజు నాకు రావాల్సిన సుంకం కన్నా ఎక్కువ. నోరు మూసుకుని బాటా చెప్పులు కొనుక్కున్నాను. లక్షల సరుకుకైతే ఆ దారి పట్టండి, వేలకైతే ఆలోచించుకోండి.

మూడో దారి వినియోగదారుల ఫిర్యాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు బయటి దేశంలో ఉండి మన దేశంలో పద్ధతిగా అమ్మే దుకాణాలకూ వర్తిస్తాయి. మొత్తం ధర ఎంతో, అందులో ఏ ఛార్జీ ఎంతో విడదీసి చూపాలని అవి చెబుతాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదు మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, దుకాణం ఉన్న ఊరికి పోనక్కర్లేదు. కానీ సుంకం దుకాణం వేసింది కాదు, షరతుల్లో ఆ వాక్యమూ ఉంది. కాబట్టి గెలుపు మీద ఆశ పెట్టుకోవద్దు. 1915కు చేసే ఫోన్‌కు ఖర్చేమీ లేదు, చేసి చూడండి. కేసు దాకా వెళ్లడం మాత్రం నాకు మీ వేళ వృథా అనిపిస్తుంది.

మీ మరిది మాట దగ్గర కాస్త ఆగాలి. ఆయన చెడ్డగా చెప్పలేదు, పాతది చెప్పాడు. ఒకప్పుడు మన దేశంలో పోస్టు, కొరియర్‌లో వచ్చే 5,000 రూపాయల లోపు బహుమతులకు సుంకం ఉండేది కాదు. కొన్ని విదేశీ దుకాణాలు అమ్మిన సరుకునే ముక్కలు ముక్కలుగా "గిఫ్ట్" అని రాసి పంపడం మొదలెట్టేసరికి, 2019 డిసెంబరులో కేంద్రం ఆ దారి మూసేసింది. రాఖీలను, ప్రాణాధార మందులను మాత్రం మినహాయించారు. పూసలు రెండూ కావు. పైగా ఆయన ఉంటున్న అమెరికాలో 800 డాలర్ల దాకా పార్సిళ్లు సుంకం లేకుండా వచ్చేవి. ఆ అలవాటుతో అన్నాడేమో. అక్కడ కూడా 2025 ఆగస్టు 29తో ఆ సౌకర్యం పోయింది. ధర తగ్గించి రాయించడం ఇంకా ప్రమాదం. దొరికితే సరుకు జప్తు, మీద జరిమానా. దొరక్కపోయినా, పార్సిల్ దారిలో పోతే రాసిన ధరకే పరిహారం వస్తుంది. పదమూడు వేల సరుకుకు పదిహేను వందలు చేతిలో పెడితే ఎవరితో చెప్పుకుంటారు?

ఇప్పుడు ఆ మెసేజ్‌లు. రెండిటినీ ఒకే గాటన కట్టొద్దు. ఆధార్ అడిగినది నిజమైనదే కావచ్చు. కొరియర్‌లో వచ్చే విదేశీ పార్సిల్‌కు గుర్తింపు కాగితం అడగడం నిబంధన. అయినా మెసేజ్‌లోని లింకు నొక్కొద్దు. దుకాణం పంపిన ట్రాకింగ్ నంబరు తీసుకుని, కొరియర్ కంపెనీ సైటును మీరే టైపు చేసి తెరిచి, అక్కడ అడిగితేనే ఇవ్వండి. 49 రూపాయలది తుడిచేయండి. ఆ లింకు నొక్కిస్తే వాళ్లకు మీ కార్డు నంబరు, ఓటీపీ దొరుకుతాయి, అసలు గురి వాటి మీదే. సుంకం అలా ఊరికే 49 అని రాదు, ఇందాకటి లెక్క చూశారుగా. రేపు ఎవరైనా ఫోన్ చేసి "కస్టమ్స్ ఆఫీసరును, మీ పార్సిల్‌లో మత్తు మందు దొరికింది, వీడియో కాల్‌లో ఉండండి" అంటే పెట్టేయండి. కస్టమ్స్ వాళ్లు ఎవరి సొంత ఫోన్‌పేకో డబ్బు వేయమనరు. వాళ్లు పంపే ఉత్తరాల మీద 2019 నవంబరు నుంచి డిన్ అనే నంబరు ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. ఇప్పటికే లింకు నొక్కి ఏమన్నా నింపి ఉంటే, ఈ సమాధానం చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టాండు సంగతికి వస్తాను. అదే రేట్లు పడితే 8,700 మీద సుంకాలు దాదాపు 3,825, కొరియర్ ఫీజు 885, కలిపి 4,700 పైచిలుకు. మీరు ఉత్తరంలో "13,400 పెట్టి స్టాండా?" అని వాపోయారు. ప్రశ్న అది కాదు. 8,700 ఇప్పటికే పోయాయి. ఇంకో 4,700 పెట్టి ఆ స్టాండు తెచ్చుకోవాలా అన్నదే ఇప్పటి ప్రశ్న. దానికి జవాబు దుకాణం చేతిలో ఉంది. క్లియరెన్స్ కాకముందే వాళ్లకు రాయండి: వెనక్కి పంపితే ఎంత తిరిగిస్తారు, రాను పోను రవాణా ఎవరిది? ఐదు వేలు తిరిగిస్తామంటే, వద్దనుకుని ఆ ఐదు వేలు, కట్టాల్సిన 4,700 మిగుల్చుకోవచ్చు. అంటే స్టాండు ఇప్పుడు మీకు 9,700కు పడుతున్నట్టు. ఆ ధరకు మీ ఊరి వెల్డింగ్ షాపులో కొలతలిచ్చి రెండు చేయించుకోవచ్చేమో అడిగి చూడండి. ఏమీ తిరిగివ్వం అంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు 4,700కు మంచి స్టాండు వస్తోంది, తీసుకోవడమే మేలు కావచ్చు.

ఊరికే వదిలేస్తే ఏమవుతుంది? సరుకు బయటికి వదిలే ఉత్తర్వు రాకముందే హక్కు వదులుకుంటున్నానని రాసిస్తే, సుంకం కట్టే బాధ్యత మీ మీద ఉండదని చట్టమే చెబుతుంది. కానీ ఫోన్ ఎత్తకుండా, జవాబివ్వకుండా వదిలేయడం వేరు. అలా చేస్తే గోదాము అద్దె అని, తిప్పి పంపిన ఖర్చు అని ఎవరో ఒకరు బిల్లు పంపొచ్చు. వద్దనుకుంటే వద్దని రాతలో చెప్పండి. డబ్బా చేతిలోకి తీసుకోకుండా కుర్రాణ్ని గుమ్మం నుంచి పంపేయడాన్ని మాత్రం "వద్దనడం" అనుకోకండి, అప్పటికే కొరియర్ వాళ్లు సుంకం కట్టేసి ఉంటారు.

మీరు అడగని విషయం ఒకటి. ఆ పూసలు మీ ఆధార్ మీద సొంత వాడకం కింద వచ్చాయి. మీరు వాడేది డబ్బు తీసుకుని కుట్టే బ్లౌజులకు. ఒకసారికి ఎవరూ వెంటపడరు గానీ, ప్రతి సీజన్‌కూ తెప్పించాలనుకుంటే వ్యాపారం కిందే తెప్పించుకోండి. దానికి ఐఈసీ అని దిగుమతి కోడ్ కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ సైటులో పాన్, బ్యాంకు ఖాతాతో 500 రూపాయలకు ఇస్తారు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆ సైటులో వివరాలు సరిచూసి, సరేనని నొక్కాలి, లేకపోతే కోడ్ ఆగిపోతుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కట్టిన ఐజీఎస్టీని మీ పన్నులో సర్దుకోవచ్చు. కానీ మీ రాబడికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తీసుకుంటే రిటర్నులు, అకౌంటెంటు ఖర్చు మొదలవుతాయి. ఏడాదికి ఒక్క డబ్బా పూసల కోసం ఆ తలనొప్పి నాకైతే దండగ అనిపిస్తుంది. అదే పూసలు బెంగళూరు చిక్‌పేటలోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో దిగుమతిదారు దగ్గర దొరుకుతాయేమో ముందు కనుక్కోండి. కిలోకు ఎక్కువే చెప్తాడు. సుంకం, ఫీజు, కార్డు మీద బ్యాంకు వేసే రెండు నుంచి మూడున్నర శాతం కలుపుకుని అప్పుడు పోల్చండి.

చివరికి ఇంటి సంగతి. మీ ఉత్తరంలోనే ఒక చోట ఆ డబ్బా ఇరవై నాలుగు బ్లౌజులకు వస్తుందని రాసుకున్నారు. సుంకం లేకుండా బ్లౌజుకు 546 రూపాయల పూసలు. సుంకం, ఫీజుతో 823. తేడా 277. అయిదు వేలు ఒక్కసారి గుమ్మంలో, అత్తగారి ముందు, పరాయి మనిషి చేతికి పోయేసరికి కొండంత కనిపించింది. 4,500 తీసుకునే బ్లౌజులో 277 అంటే, పూస నిజంగా మెరుపు పోకుండా ఉంటే, మూడు వందలు పెంచి అడగొచ్చు. ఆ మాట అన్న పెళ్లికూతురి తల్లినే మొదట అడగండి.

భర్తకు స్టాండు గురించి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి: ఆ డబ్బా ఏ పగలు వస్తుందో మీకు తెలియదు, ఆయన షిఫ్టు ఏ వారం మారుతుందో కూడా తెలియదు. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంటారు. చెప్పాలనుకుంటే "క్షమించండి, ఇంకొకటి కూడా ఉంది" అని మొదలెట్టకుండా, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి 277 లెక్కతో మొదలెట్టండి. స్టాండు ఉంచుకోవాలా వద్దా అన్నది ఆయన్నే అడగండి. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, వెల్డింగ్ ధర మీకన్నా ఆయనకే బాగా తెలుస్తుంది. ఆయన కోప్పడతారనే భయం ఉంటే ముందు అత్తగారితో మాట్లాడటం ఇంకో దారి. మీరు రాసిన దాన్ని బట్టి, ఆవిడ నోరు పెద్దదే గానీ, అడక్కుండానే పెట్టె తెరిచిన మనిషి.

ఆ ఐదు వేలు మాత్రం మొదటి రెండు బ్లౌజుల డబ్బు రాగానే ఆమె చేతికే ఇవ్వండి, ఇంటి ఖర్చులో కలపొద్దు. నెలకు నాలుగు వేల పింఛనులో అంత మిగల్చడానికి ఆమెకు ఎన్నాళ్లు పట్టిందో. దుకాణానికి ఈమెయిల్ ఇవాళే పెట్టండి, స్టాండు గోదాములో ఉన్నన్నాళ్లూ రోజులు లెక్కలోకి వస్తుంటాయి.